మూడు గాట్ల కంబం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు విప్పి చూడు అని మాత్రం ఒక్కరూ అనలేదు. కట్టేటప్పుడు రేపటి మీద ఆశ ఉంటుంది, వడ్రంగం చేసే వడ్లాయనకు మర్యాద ఉంటుంది, పొద్దూకితే ఇంత కల్లు పోసేవాళ్లూ ఉంటారు. విప్పేటప్పుడు ఉండేదల్లా దుమ్ము. గూన పెంకల సందుల్లో ఎలుకలు దాచుకున్న వడ్ల పొట్టు, తేళ్లు, ఎప్పుడో పోయిందని ఇల్లంతా గోల చేసిన ముక్కుపుడక, అన్నీ వచ్చి విప్పేవాడి నెత్తినే పడతాయి.

గట్టయ్య ఇరవై రెండేళ్లుగా ఆ దుమ్ములోనే బతుకుతున్నాడు. ఉండేది చెన్నూరులో. వయసు యాభై ఎనిమిది, మోకాళ్ల వయసు మాత్రం డెబ్బై దాటింది. ఊళ్లలో పాత ఇళ్లు కొని, విప్పి, ఆ టేకు కర్రను మళ్లీ అమ్ముకునే బాబు మియాకు ఆయనే వడ్లాయన, ఆయనే మేస్త్రీ, పని లేనప్పుడు తిట్టుకోవడానికి తోడు కూడా. బాబు మియా ఆయన కంటే ఆరేళ్లు పెద్ద. గడ్డానికి గోరింటాకు పెట్టుకోవడం మొన్న రంజాన్ నుంచి మానేశాడు. ఎందుకని అడిగితే, "ఎవలు సూస్తుండ్రు ఉస్తాద్? మనం విప్పే ఇండ్లల్ల పిల్లులు తప్ప ఇంకెవలుంటరు?" అన్నాడు.

ఈసారి విప్పాల్సింది తాళ్లకుంటలో. ఊరు ఊరంతా ఓపెన్‌కాస్టు బొగ్గు బాయి కిందికి పోతోంది. నాలుగు మైళ్ల అవతల గుట్ట పక్కన అందరికీ ప్లాట్లు ఇచ్చారు. దాన్ని కొత్త కాలనీ అంటున్నారు. జనమంతా పాత ఇళ్ల కర్రను బాబు మియాకు అమ్మేసి, అక్కడ స్లాబులు పోసుకుంటున్నారు. అనసూర్య ఒక్కతే అమ్మనంది. తన నాలుగు కంబాల టేకు ఇంటిని ముక్కముక్కగా విప్పి, అదే కర్రతో కాలనీలో రెండర్రల ఇల్లు లేపాలని పట్టుబట్టింది.

"స్లాబు కింద ఎండకాలం పానం ఉడుకుతది భాయ్," అంది బాబు మియాతో. "గీ కర్ర నాతోని ముప్పై ఎనిమిదేండ్లు ఎండింది, నానింది. ఇడిసిపెట్టి పోబుద్ధైతలే. ఇంకో మాట. విప్పుడైనా కట్టుడైనా గట్టయ్యన్ననే చెయ్యాలె. వేరేటోళ్లు నాకొద్దు."

బాబు మియా ఆ కబురు మోసుకొచ్చినప్పుడు గట్టయ్య చేతిలోని బీడీ నలిపి పారేసి, ఉలి నూరుకోవడానికి కూర్చున్నాడు. తాళ్లకుంట పొలిమేర తొక్కి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లయింది. ఎవరైనా ఆ ఊరి పేరెత్తితే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వేరే పనేదో గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేవాడు. ఎందుకో బాబు మియాకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

సంగతి ఇది. ఆ ఇల్లు కట్టింది గట్టయ్య తండ్రి సిద్దిరాములు. అప్పుడు గట్టయ్యకు ఇరవై ఏళ్లు. ఉలి పట్టడం వచ్చేసిందన్న పొగరు కొత్తగా ఎక్కిన రోజులు. వడ్లపనిలో ఒక కట్టుబాటు ఉంది. చెట్టు అడవిలో ఎట్లా నిలబడిందో, కంబం ఇంట్లో అట్లాగే నిలబడాలి. మొదలు కిందికి, కొన పైకి. తారుమారైతే ఆ ఇంటి మగవాణ్ని మింగుతుందంటారు. రందా పట్టి నునుపు చేశాక రెండు కొసలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, సిద్దిరాములు దుంగ కోసిన రోజే మొదలు వైపు కొసకు ఎర్రటి జాజు పూసేవాడు. జాజు ఉన్న కొస కిందికి. అంతే, ఇక ఆలోచించే పని లేదు.

నాలుగింటిలో ఈశాన్యం వైపు కంబం గట్టయ్య చేతికొచ్చింది. కొసలు కొద్దిగా పగిలి కనిపిస్తే, అందంగా ఉండాలని రెండు వైపులా బొటనవేలు మందాన రంపంతో కోసేశాడు. కోసి పారేశాక చూసుకుంటే జాజు పూసిన ముక్క ఎక్కడో పొట్టులో కలిసిపోయింది. ఏది మొదలో ఏది కొనో అంతుపట్టలేదు. చెబితే వీపు చిట్లుతుంది. కర్ర మీది గీతలు అటూ ఇటూ చూసి, తోచిన పక్క చూపించి ఇదే మొదలన్నాడు. సిద్దిరాములు ఒకసారి కంబాన్ని, ఒకసారి కొడుకు ముఖాన్ని చూసి, "సరె, వోయి అన్నం తిని రా," అన్నాడు. గట్టయ్య తిని వచ్చేసరికి కంబం దిమ్మె రాయిలో నిలబడి ఉంది.

గృహప్రవేశమైన ఎనిమిది నెలలకు ఆ ఇంటి కొడుకు ముత్తయ్యను పత్తి చేనులో పాము కరిచింది. చెన్నూరు చేరేలోపే ప్రాణం పోయింది. అప్పటికి అతనికి అనసూర్యతో పెళ్లయి మూడు నెలలు. పదకొండో నాడు అందరూ కూడిన చోట ముత్తయ్య తల్లి భూమవ్వ గుండెలు బాదుకుంది. దోషం ఎక్కడో ఉంది, అది కొత్త ఇంటిదా, కొత్తగా వచ్చిన పిల్లదా అని పెద్దమనుషులు తీరుబడిగా తర్కించారు. ఎద్దు పుండు కాకికి నొప్పా! అప్పుడు సిద్దిరాములు లేచి ఈశాన్యం కంబం మీద చెయ్యి వేశాడు.

"తప్పు నాది. గీ కంబం తలకిందులు వెట్టిన. నా కండ్లు మూసుకపోయినయి," అన్నాడు.

గట్టయ్య ఆ మాట చెవులారా విన్నాడు. తన నిర్వాకం బాపుకు తెలిసిపోయిందని, కొడుకును కాయడానికి నెత్తిన వేసుకున్నాడని అనుకున్నాడు. "బాపు కాదు, నేను" అని లేవాల్సింది. కాళ్లు లేవలేదు. ఆ తర్వాత చుట్టుపక్కల ఏడూళ్లలో సిద్దిరాములును పనికి పిలిచినవాడు లేడు. మందమర్రి పోయి, భూమి కింద గని పైకప్పు కూలకుండా కర్రలు పోటు పెట్టే పనిలో కాంట్రాక్టు కూలీగా చేరాడు. అక్కడ ఏ కొస పైకుందని అడిగేవాడు లేడు. పదిహేనేళ్లు ఆ పని చేసి, దగ్గి దగ్గి పోయాడు. తండ్రీకొడుకులు ఆ కంబం ఊసు మళ్లీ ఎత్తలేదు. బాపు ఎత్తకపోవడం మన్నింపు అనుకున్నాడు గట్టయ్య కొన్నాళ్లు, శిక్ష అనుకున్నాడు కొన్నాళ్లు. ఏదైనా మోసింది మాత్రం తనే.

కాబట్టి ఈ పనికి ఆయన ఒప్పుకున్నది కూలి కోసం కాదు. భూమవ్వ ఇంకా బతికే ఉంది. ఆమె ముందు నిలబడి, తప్పు మా బాపుది కాదు నాది అని చెప్పాలి. ఆ కంబాన్ని తన చేతులతో సరిగ్గా నిలబెట్టాలి. తర్వాత ఉలి, బాడిశ, రంపం మూటగట్టి అటక మీద పడేయాలి. అలసిపోయాడు. ఆ అలసట మోకాళ్లదైతే ఏ గోలీతోనో పోయేది.

ఇల్లు విప్పడానికి తొమ్మిది రోజులు పట్టింది. అనసూర్య అత్తను తీసుకుని అప్పటికే కాలనీలో ప్లాటు పక్కన వేసిన రేకుల షెడ్డులోకి మారింది. టేకు కర్ర ఊరు దాటాలంటే కాగితం కావాలి. దాని కోసం బాబు మియా ఫారెస్టు ఆఫీసు చుట్టూ తిరిగొచ్చేలోపు గట్టయ్య, ఇద్దరు కూలీలు కలిసి పెంకలు దించారు, వాసాలు ఊడదీశారు, దూలాలను తాళ్లతో మెల్లగా నేలకు దించారు. ప్రతి కర్ర మీదా గట్టయ్య సుద్దతో దిక్కు రాశాడు. తొమ్మిదో నాటికి నాలుగు కంబాలు మాత్రం మొండిగా ఆకాశం కింద నిలబడి ఉన్నాయి.

మూడింటిని మామూలుగానే లాగేశారు. మూడింటి కింది మొనకూ, రాతి గుంతలో గాలి తగలక, జాజు మరక సన్నగా మిగిలే ఉంది. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి గట్టయ్య గునపం కింద పెట్టి కూర్చున్నాడు.

"ఏమైంది ఉస్తాద్?" అన్నాడు బాబు మియా.

"ఏం లే భాయ్. జర దమ్ము తీసుకుంట."

"తీస్కో. నాకు గూడ దమ్ము లేదు. మన ఇద్దరి దమ్ము కలిపినా ఒక మనిషికి సాలదు."

కూలీలు కంబాన్ని అటూ ఇటూ ఊపి, పైకెత్తి, పడుకోబెట్టారు. గట్టయ్య పాకినట్టే దగ్గరికి పోయి కింది మొన తుడిచి చూశాడు. జాజు లేదు. ఉండదని తెలుసు. కానీ మొన చివర, ముప్పై ఎనిమిదేళ్లుగా ఎవరి కంటా పడని చోట, ఉలితో కొట్టిన మూడు గాట్లు ఉన్నాయి. మూడూ ఒకే లోతు, ఒకే ఎడం. ఆ చెయ్యి ఎవరిదో ఎవరినీ అడగక్కర్లేదు. జాజు చేతిలో లేనప్పుడు సిద్దిరాములు మొదలుకు వేసే గుర్తు అదే.

గట్టయ్య నమ్మలేదు. కంబం పొడవు కొలిచి, సరిగ్గా నడిమికి తాడు కట్టి, వాకిట్లోని వేప కొమ్మకు వేలాడదీయించాడు. ఎంత చెక్కినా కర్రకు మొదలు వైపు బరువు ఉంటుంది. కంబం కాసేపు ఊగి, గాట్లున్న కొసను నేల వైపు దించింది. విప్పించి, మళ్లీ కొలిచి, మళ్లీ కట్టించాడు. మళ్లీ ఆ కొసే దిగింది. మూడోసారి కట్టమంటే కూలీలు బాబు మియా ముఖం చూశారు.

"బస్ ఉస్తాద్. కర్రకు అబద్ధం రాదు. గదే మొదలు. ఇంతకు ఏం దేవులాడుతున్నవో జెప్పు," అన్నాడు బాబు మియా.

కూలీలను చాయ్‌కి పంపి, దుంగ మీద కూర్చుని, గట్టయ్య మొత్తం చెప్పాడు. చెబుతుంటే ఒక్కొక్కటీ ఆయనకే తెలిసొచ్చింది. అన్నం తిని రమ్మని పంపిన ఆ అరగంటలో బాపు ఇట్లాగే తాడు కట్టి చూశాడు. కొడుకు చూపించిన కొస తప్పో ఒప్పో తేల్చుకుని, మొదలుకు మూడు గాట్లు కొట్టి, సరిగ్గా నిలబెట్టాడు. కొడుకును ఒక్క మాట అనలేదు. అంటే పదకొండో నాడు ఆ కంబం మీద చెయ్యి వేసినప్పుడు, అది సరిగ్గానే ఉందని బాపుకు తెలుసు.

"మరి తలకిందులని ఎందుకన్నడు భాయ్?" గట్టయ్య పిడికిలితో దుంగ మీద గుద్దాడు. అది దుఃఖం కాదు, కోపం. "తప్పు జెయ్యనోడు తప్పు ఒప్పుకుంటడా? పదిహేనేండ్లు బొగ్గు మసిల సచ్చిండు. నేను గిన్నేండ్లు కంటి నిండ నిద్రవోలే. ఒక్క మాట నాతోని జెప్తె ఏమాయె?"

బాబు మియా తెల్ల గడ్డం నిమురుకున్నాడు.

"పోయినోళ్లను అడుగలేం ఉస్తాద్. బతికున్న ముసలామెకు జెప్పు. కంబం సక్కగనే ఉండె, మా బాపు తప్పు లేదు, నా తప్పు లేదు అని జెప్పు. కావాలంటె నేను గవాయి జెప్త, తాడు కట్టంగ కండ్లార సూసిన గద."

ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి, ట్రాక్టరు మీద కర్రల నడుమ కూర్చుని పోతుంటే గట్టయ్యకు నడుము నొప్పి తెలియలేదు. బాపు పేరు కడిగేయవచ్చు. తన పేరూ కడిగేసుకోవచ్చు. ఒక్క మాట చాలు.

కొత్త కాలనీలో చెట్టన్నది లేదు. గీతలు గీసినట్టు స్లాబు ఇళ్లు, వాటి నెత్తిన తుప్పు పడుతున్న ఇనుప చువ్వలు. అనసూర్య ప్లాటు ఒక్కటే ఖాళీగా, నాలుగు దిమ్మె రాళ్లతో ఎదురుచూస్తోంది. మర్నాడు పొద్దున కూలీలిద్దరూ మిగిలిన పెంకల కోసం ట్రాక్టరు మీద పోయారు. గట్టయ్య రాళ్లకు మట్టం చూస్తుంటే, అనసూర్య కంబాలను ఒక్కొక్కటే కడిగి, ఇప్ప నూనె రాస్తోంది. యాభై ఆరేళ్ల మనిషి. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల కొసలు నల్లబడ్డాయి. నాలుగో కంబం మొన దగ్గర ఆమె చెయ్యి కాసేపు ఆగింది. మళ్లీ నూనె రాసుకుంటూ పోయింది.

షెడ్డు నీడలో మంచం మీద భూమవ్వ కూర్చుని ఉంది. ఎనభై నాలుగేళ్లు. రెండు కళ్లలోనూ పొరలు.

"వచ్చినవా వడ్ల గట్టా?" అంది.

"వచ్చిన పెద్దవ్వా."

"నీ బాపు జేసిన పనికి నా ఇల్లు మునిగింది. ఇయ్యాల గా కంబాన్ని నా కండ్ల ముందల తిప్పి, సక్కగ నిలబెట్టు. తిప్పుతుంటె నేను సూడాలె. గప్పుడు ఆడ నా కొడుకు నిమ్మళమైతడు, ఈడ నేను నిమ్మళమైత."

గట్టయ్య ఆమె మంచం పక్కన గొంతుకూర్చున్నాడు. లోపల ఉన్న సంతోషం ఆగడం లేదు.

"పెద్దవ్వా, ఒక మాట అడుగుత. గా కంబం అప్పటికెల్లి సక్కగనే ఉండె అంటె ఏమంటవ్?"

ముసలామె పళ్లు లేని నోరు రెండుసార్లు కదిలింది.

"సక్కగనే ఉంటెనా? సక్కగనే ఉంటె నా కొడుకెట్ల వోయిండురా మరి? కొత్తిల్లు. పచ్చటి పోరడు. దినాం పోయే చేనే. ఇంటిల దోషం లేకుంటె మరి దోషం..."

మాట అక్కడ ఆగింది. మసక కళ్లు మెల్లగా తిరిగి, కంబానికి నూనె రాస్తున్న కోడలి మీద నిలిచాయి. ఆ చూపు కొత్తది కాదు. ముప్పై ఎనిమిదేళ్ల కింద ఎక్కడ ఆగిపోయిందో అక్కణ్నుంచే మళ్లీ మొదలైంది.

అనసూర్య చేతిలోని గుడ్డ కదలడం మానేసింది. తల ఎత్తలేదు. ఆ ముసలామెకు తలంటి, అన్నం మెత్తగా పిసికి పెట్టి, రోజుకు వెయ్యి బీడీలు చుట్టి ఇల్లు నడిపిన మనిషి, పద్దెనిమిదేళ్ల పిల్లలా భుజాలు దగ్గరికి ముడుచుకుంది.

గట్టయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఆ పదకొండో నాటి సంగతిలో ఆయనకు కనిపించింది రెండే, కంబం మీద బాపు చెయ్యి, లేవని తన కాళ్లు. ఇప్పుడు ఆ వాకిట్లో మిగతాది కూడా కనిపించింది. మూలకు ఒదిగి కూర్చున్న పిల్ల. "నీ పాదం మండ! అడుగువెట్టి మూడు నెలలు గాలే, నా కొడుకును మింగితివి" అని ఆ పిల్ల కాళ్ల మీద చీపురుతో కొడుతున్న భూమవ్వ. ఆపని జనం. చెల్లెను తీసుకుపోవాల్సి వస్తుందేమోనని గుమ్మం బయటే నిలబడిపోయిన ఆమె అన్నలు. బాపు లేచింది అప్పుడు. లేచేటప్పుడు ఆయన కొడుకు వైపు చూడనే లేదు. ఆ పిల్ల వైపే చూశాడు.

బాపు లేచింది నా కోసం కాదు, అనుకున్నాడు గట్టయ్య. ఆ మాట ఆయనకు ఎక్కడో చురుక్కున తగిలింది, ఎక్కడో తేలికనిపించింది.

"ఏందిరా సప్పుడు జేస్తలేవు?" భూమవ్వ గొంతు పెంచింది. "సక్కగుండెనా, తలకిందులుండెనా? సూసినవా లేదా?"

బాబు మియా ముందుకొచ్చాడు. "అమ్మా, మేం తాడు కట్టి సూసినం..."

గట్టయ్య ఆయన చెయ్యి పట్టి ఆపాడు.

"తలకిందులే ఉండె పెద్దవ్వా. తాడు కట్టి సూసినం, తలకిందులే. గాని వెట్టింది మా బాపు కాదు. నేను. జాజు ఉన్న కొస కోసి పారేసి, బాపుకు జెప్పలే. నా తప్పు ఆయన మీదేసుకున్నడు."

తొమ్మిది రోజులుగా ఇదే మాటను మనసులో వల్లెవేసుకున్నాడు. నిజమనుకున్నన్నాళ్లూ గొంతు దాటలేదు. అబద్ధమని తేలాక గడగడా వచ్చేసింది.

"నీ చేతులిరగ!" భూమవ్వ మంచం పట్టె మీద కొట్టింది. "నీ నోట్లె మన్నువడ! నా ఇల్లు ఆర్పి, గిన్నేండ్లకు వచ్చి జెప్తున్నవా?" తిట్టింది. గుర్తున్న తిట్లన్నీ అయిపోయేదాకా తిట్టింది. గట్టయ్య తల వంచుకుని విన్నాడు. వానలో నిలబడితే తడవక తప్పుతుందా! చివరికి ఆమెకు ఆయాసం వచ్చి, గొంతు దిగిపోయింది.

"సిద్దిరాములు మంచోడు," అంది తనలో తాను. "కొడుకు తప్పు మీదేసుకున్నడు. ఉత్తగ వాని ఉసురు వోసుకుంటి. మంచోడు వాడు."

గట్టయ్యకు కావాల్సిన మాట అదే. రావాల్సిన దారిన రాలేదు కానీ, వచ్చింది. కళ్లు తుడుచుకుని లేచాడు.

"ఇగ తిప్పు," అంది భూమవ్వ. "నేను సూడాలె."

చిక్కంతా ఇక్కడ వచ్చింది. కంబం మొదలును దిమ్మె రాయి వైపు పెట్టుకుని సక్రమంగా పడుకుని ఉంది. ముసలామె చెప్పినట్టు ఒక్కసారి తిప్పితే నిజంగానే తలకిందులవుతుంది. యాభై కిలోలకు తక్కువ లేని కర్ర, కూలీలు లేరు, ఉన్నది ఇద్దరు ముసలాళ్లు. గట్టయ్య బాబు మియా చెవి దగ్గర చెప్పాడు.

"రెండు సార్లు తిప్పాలె భాయ్."

"రెండు సార్లా? తౌబా!" అన్నాడు బాబు మియా గుసగుసగా. "అబద్ధం ఆడింది నువ్వు, ఇరిగేది నా నడుమా?"

అట్లా అంటూనే వంగి పట్టుకున్నాడు. ఇద్దరూ చెరో కొస ఎత్తి, అడుగులో అడుగు వేస్తూ తిరిగారు. సగం తిరిగాక గట్టయ్య మోకాలు మడత పడబోయింది. ఎవరూ పిలవకుండానే అనసూర్య వచ్చి నడుమ భుజం పెట్టింది. ముగ్గురూ ఆగకుండా ఇంకో సగం తిరిగి, మొదలును మళ్లీ రాయి వైపుకే తెచ్చారు.

"ఏందిరా బొంగరం లెక్క తిప్పుతున్నరు?" అంది భూమవ్వ చేత్తో కళ్లకు నీడ పెట్టుకుని.

"జాగ సాలుతలేదు పెద్దవ్వా," అన్నాడు గట్టయ్య రొప్పుతూ. "సుట్టు తిప్పి తేవాలె."

రాతి గుంతలో నవధాన్యాలు, పసుపు వేశారు. కంబాన్ని లేపి, మెల్లగా దించారు. మూడు గాట్లు మళ్లీ రాతిలోకి, చీకట్లోకి పోయాయి. గట్టయ్య తూకం గుండు పట్టి నాలుగు వైపులా చూసి, సందుల్లో చీలికలు కొట్టాడు. బొట్టు పెట్టాలి. పక్క స్లాబు ఇంటి ముత్తైదువను పిలుద్దామని అనసూర్య గిన్నె పట్టుకుని కదలబోయింది.

"ఎటు వోతున్నవే?" అంది భూమవ్వ. "నువ్వే వెట్టు. ఇల్లు నీదే గద."

అనసూర్య నిలబడిపోయింది. తర్వాత కుంకుమలో వేలు ముంచి, కంబం నుదుట బొట్టు పెట్టింది. పెట్టి చాలాసేపు చెయ్యి తీయలేదు.

తిట్టి అలసిన భూమవ్వ మంచం మీద కునుకు తీసింది. బాబు మియా కంబం నీడలో, నీడంటే అక్కడ అంతే ఉంది, కాళ్లు చాపుకున్నాడు. అనసూర్య చాయ్ తెచ్చి ఇచ్చి, గట్టయ్యకు కొంచెం ఎడంగా కింద కూర్చుంది.

"అన్నా, మూడు గాట్లు కిందికే వోయినయా?" అంది మెల్లగా.

గట్టయ్య చేతిలో గ్లాసు ఆగింది. "నీకెట్ల ఎరుక?"

"గాట్లు ఇయ్యాల్నే సూసిన. గాని కంబం సక్కగున్నదని అప్పటికెల్లి ఎరుక." ఒకసారి అత్త వైపు చూసి, గొంతు ఇంకా తగ్గించింది. "ఆ దినం మీ బాపు పోయేటప్పుడు మంచినీళ్లడిగిండు. చెంబిచ్చిన. తాగి చెంబు చేతికిచ్చుకుంట, ఎవ్వలికి ఇనరాకుంట అన్నడు. 'బిడ్డా, కంబం సక్కగనే ఉన్నది. నువ్వు గూడ సక్కగనే ఉన్నవు. యాదిల వెట్టుకో' అన్నడు."

గట్టయ్య గ్లాసు కింద పెట్టాడు.

"గా ఒక్క మాట పట్టుకోని బతికిన అన్నా. బయటికి జెప్తె మీ బాపు పేరు నిలుస్తుండె, నేను కూలుతుంటి. భయమైంది. జెప్పలే. ఆయన పోయిండని విన్నంక ఇంకింత భయమైంది. గందుకే గీ కర్ర అమ్మలే, నిన్నే రమ్మన్న. విప్పితె నీకు కనవడ్తదని. నువ్వు జెప్పుకుంటవ్, నాకేమైనా గానీ అనుకున్న." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు గూడ ఆయన లెక్కనే జేస్తివి."

గట్టయ్య బీటలు వారిన తన అరచేతులు చూసుకున్నాడు. ఇన్నేళ్ల బరువు దిగిపోవాల్సిన చోట ఇంకో చిన్న నొప్పి మిగిలింది. దాన్ని దాచుకోవడం ఆయనకు చేతకాలేదు.

"నీకు జెప్పిండు," అన్నాడు. "నాకు జెప్పలే."

అనసూర్య కంబం వైపు చూసింది.

"నువ్వు వడ్లోని కొడుకువు గదన్నా. ఎన్నడన్న విప్పి సూస్తవనుకున్నడేమో."

గట్టయ్య కళ్లు మూసుకున్నాడు. అన్నం తిని రమ్మని పంపినప్పటి బాపు ముఖం కనిపించింది. ఆ ముఖంలో కోపం లేదు. అప్పుడూ లేదు.

చాయ్ చల్లారిపోయింది. అయినా తాగాడు. ఇంకా మూడు కంబాలు లేపాలి, పొద్దు నెత్తి మీదికొచ్చింది. లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. బాబు మియా చెయ్యి అందించాడు.

"ఉస్తాద్, గివ్విటిని ఎన్నిసార్లు తిప్పాలె?"

"తిప్పే పని లేదు భాయ్," అన్నాడు గట్టయ్య. "ఎట్లున్నయో గట్లనే నిలబెడుదాం పట్టు."